ఉద్దానం

శ్రీకాకుళం జిల్లా జలంత్రకోటలో బస్సు కోసం నిలబడితే ఓ పెద్దాయన అడిగారు, "ఏ ఊరు బావూ?" అని. ఎందుకో ఊరి పేరుకు బదులు "ఉద్దానం" అనేశాను. "ఉద్దానమంటే ఊరేటి? ఊరు చెప్పు" అని నవ్వారు.

నిజమే, ఆ పేరుతో ఊరూ లేదు, మండలమూ లేదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఇంకా అటూ ఇటూ సముద్రం ఒడ్డున పరుచుకున్న తోటలకు జనం పెట్టుకున్న పేరది. "ఉద్యానం" నాలుక మీద అరిగి ఉద్దానమైందంటారు. నమ్మదగ్గ మాటే. పద్యం పద్దెం కాలేదూ, విద్య విద్దె కాలేదూ!

సంస్కృతంలో ఉద్యానమంటే రాజుల విహారవనం గుర్తొస్తుంది. మా ఉద్యానంలో విహారం తక్కువ. ఇసుక నేల, కొబ్బరి, పనస, జీడిమామిడి. చిన్నప్పుడు దొంగచాటుగా జీడిపిక్కలు కాల్చుకుంటే, వేళ్లకంటిన జీడి చర్మం పొరలూడేదాకా వదిలేది కాదు. ఇంట్లో అబద్ధమాడే వీలుండేది కాదు, చేతులే సాక్ష్యం.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఆ తోటల్ని పడగొట్టింది. ఉద్దానమనే మాటకు అర్థం మాత్రం అంతకుముందే మారింది. పత్రికల్లో ఉద్దానం పక్కన ఇప్పుడు తోట ఉండదు, కిడ్నీ జబ్బు ఉంటుంది. ఆ జబ్బు కోసమే 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు.

ఎవరైనా "మాది ఉద్దానం" అంటే, జబ్బు సంగతి ఎత్తకముందు ఒకసారి తోట సంగతి అడగండి.