డిజిటల్ బారోమీటర్: జగదల్‌పూర్ ఎత్తు తప్పితే లెక్కంతా తప్పే

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. దాని కేంద్రంలో పీడనం 950 హెక్టోపాస్కల్‌లని భారత వాతావరణ శాఖ అంచనా వేసింది. బస్తర్ జిల్లా కేంద్రం జగదల్‌పూర్‌లో ఏ గాలీ వానా లేని మామూలు రోజున కూడా బారోమీటర్ దాదాపు అంతే చూపిస్తుంది. కారణం తుపాను కాదు, ఎత్తు. ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున ఉంది. ప్రామాణిక వాతావరణం లెక్కన అక్కడి పీడనం 949 హెక్టోపాస్కల్‌లు.

తీరం దాటిన మర్నాడు హుద్‌హుద్ బలహీనపడుతూ దక్షిణ ఛత్తీస్‌గఢ్ మీదుగా సాగింది. అలాంటి సమయంలో విశాఖ, జగదల్‌పూర్ అంకెలను ఒకే పటం మీద పోల్చాలంటే రెండింటినీ సముద్రమట్టానికి సవరించాలి. డిజిటల్ బారోమీటర్ ఆ సవరణను తానే చేయగలదు. కానీ తాను ఎంత ఎత్తున ఉన్నదీ దానికి తెలియదు. ఎవరో ఒకరు టైపు చేసి చెప్పాలి.

మూడు అంకెలు

పరికరం ఉన్నచోట కొలిచేది స్టేషన్ పీడనం. దాన్ని రన్‌వే స్థాయికి సవరిస్తే క్యూఎఫ్ఈ. ప్రామాణిక వాతావరణం ఆధారంగా సముద్రమట్టానికి తెస్తే క్యూఎన్‌హెచ్. పైలట్లు ఆల్టీమీటర్‌లో పెట్టుకునేది సాధారణంగా ఈ మూడోదే. వాతావరణ పటాల్లో వాడే సముద్రమట్ట పీడనం వేరు. అందులో ఆ సమయపు ఉష్ణోగ్రతనూ లెక్కలోకి తీసుకుంటారు. అందుకే మే నెల ఎండలో ఈ రెండింటి మధ్య కొన్ని హెక్టోపాస్కల్‌ల తేడా కనిపించవచ్చు. అది పరికరం లోపం కాదు.

ఆదేశాల వరుస

ఫిన్లాండ్ సంస్థ వైసాలా తయారుచేసే పీటీబీ330ని ఉదాహరణగా తీసుకుంటే, ల్యాప్‌టాప్‌ను సీరియల్ కేబుల్‌తో కలిపి టెర్మినల్ ప్రోగ్రామ్ తెరవాలి. యూజర్ పోర్టుకు ఫ్యాక్టరీ అమరిక 4800 బాడ్, 7 డేటా బిట్లు, ఈవెన్ పారిటీ, 1 స్టాప్ బిట్. ఇవి కలవకపోతే తెరపై అర్థంలేని గుర్తులు వస్తాయి.

1. అంకెలు ఆగకుండా వస్తుంటే ‘ఎస్’ కొట్టి ఆపాలి.
2. ప్రశ్నార్థకం కొడితే ప్రస్తుత అమరికలు కనిపిస్తాయి. ఏదీ మార్చకముందే వాటిని రాసిపెట్టుకోవాలి.
3. ‘యూనిట్’ ఆదేశంతో కొలమానాన్ని హెక్టోపాస్కల్‌కు మార్చాలి.
4. ‘హెచ్‌క్యూఎన్‌హెచ్’ ఆదేశంతో సముద్రమట్టం నుంచి ఎత్తు ఇవ్వాలి. రన్‌వేకీ పరికరానికీ ఉన్న కొద్దిపాటి తేడాకు ‘హెచ్‌క్యూఎఫ్ఈ’ వేరుగా ఉంది.
5. ‘ఏవీఆర్‌జీ’తో ఎన్ని సెకన్ల సగటు తీయాలో, ‘ఫార్మ్’తో ఏయే అంకెలు పంపాలో, ‘ఐఎన్‌టీవీ’తో ఎంత వ్యవధికి పంపాలో చెప్పాలి.
6. ‘సెండ్’ కొట్టి ఒక కొలత తెప్పించుకోవాలి. ‘ఈఆర్ఆర్ఎస్’తో లోపాలేమైనా నమోదయ్యాయో చూడాలి. అన్నీ సరిగా ఉంటే ‘ఆర్’తో మళ్లీ నడపాలి.

చిన్న తప్పే ప్రమాదం

విమానాశ్రయ పత్రాల్లో ఎత్తు తరచుగా అడుగుల్లో ఉంటుంది. జగదల్‌పూర్‌కైతే అది 1,800 పైచిలుకు. దాన్నే మీటర్లుగా టైపు చేస్తే వచ్చే అంకె అసంభవంగా ఉంటుంది కాబట్టి ఎవరైనా వెంటనే పట్టేస్తారు. 550 బదులు 560 కొడితే మాత్రం ఎవరికీ అనుమానం రాదు. క్యూఎన్‌హెచ్ 1.2 హెక్టోపాస్కల్‌లు ఎక్కువ వస్తుంది. దాన్ని పెట్టుకున్న ఆల్టీమీటర్ 33 అడుగులు ఎక్కువ చూపిస్తుంది. అంటే విమానం పైలట్ అనుకున్నదానికన్నా కిందుగా ఉంటుంది. 2020 సెప్టెంబర్‌లో అలయన్స్ ఎయిర్ హైదరాబాద్–జగదల్‌పూర్–రాయ్‌పూర్ సర్వీసు మొదలుపెట్టింది. కొండల మధ్య దిగే ఇలాంటి విమానాలకు ఆ అడుగులు లెక్కే.

బస్తర్‌లో ఒకచోటి అమరికను మరోచోటికి నకలు చేయడమూ కుదరదు. పీఠభూమి మీద జగదల్‌పూర్ ఒక ఎత్తు. బైలదిలా కొండలు 1,200 మీటర్లు దాటతాయి. శబరి ఒడ్డున కోంటాకు వచ్చేసరికి నేల బాగా దిగిపోతుంది. పరికరాన్ని కింది గది నుంచి మేడ మీదకు మార్చినా ఎత్తును మళ్లీ ఇవ్వాల్సిందే.

సరిచూసుకోవడం

ప్రామాణిక బారోమీటర్‌ను పక్కనే, అదే ఎత్తులో ఉంచి ముందుగా స్టేషన్ పీడనాలనే పోల్చాలి. అవి కలిసి క్యూఎన్‌హెచ్ కలవకపోతే తప్పు ఎత్తులో ఉన్నట్టు. స్టేషన్ పీడనమే కలవకపోతే సెన్సర్‌కు క్యాలిబ్రేషన్ అవసరం. ఎత్తు తప్పును క్యాలిబ్రేషన్ సవరణతో సర్దడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. ఆ రోజుకు క్యూఎన్‌హెచ్ కుదిరినట్టే ఉంటుంది. కానీ స్టేషన్ పీడనం చెడిపోతుంది, తర్వాత వచ్చినవారికి అసలు తప్పు దొరకదు. చివరగా కరెంటు తీసి, మళ్లీ ఇచ్చి అమరికలు నిలిచాయో లేదో చూడాలి. పాత విలువ, కొత్త విలువ, తేదీ, మార్చినవారి పేరు రిజిస్టరులో రాస్తేనే పని పూర్తయినట్టు.