ముగ్గురు ఎడ్వర్డులు, ఒక్కటే పేరు

ఎపిసోడ్‌లో ఎడ్వర్డ్ రాజుల సంగతి గబగబా చెప్పేశాను. ఇక్కడ నిదానంగా రాస్తున్నా.

మా క్యాంపులో నలుగురు శ్రీనివాసులు ఉన్నారు. ఒకసారి ఒకరి ఓవర్‌టైమ్ డబ్బులు ఇంకొకరి ఖాతాలో పడ్డాయి. సరిచేయడానికి రెండు నెలలు పట్టింది. చివరికి తేల్చింది పాస్‌పోర్టులో ఉన్న తండ్రి పేరు. ఏడు వందల ఏళ్ల కింద ఇంగ్లండ్ గుమస్తాలకూ ఇదే చిక్కు వచ్చింది.

1272 నుంచి 1377 దాకా, అంటే దాదాపు 105 ఏళ్లు, ఆ దేశాన్ని ఏలిన తాత, కొడుకు, మనవడు ముగ్గురూ ఎడ్వర్డులే. అప్పట్లో దస్తావేజుల మీద ‘ఫలానా రాజు ఏలుబడిలో ఇన్నో ఏడాది’ అని రాసేవాళ్లు. మరి ‘ఎడ్వర్డ్ రాజు పదో ఏడాది’ అని మాత్రమే ఉంటే ఏ సంవత్సరం అనుకోవాలి? తాతదైతే 1281–82. కొడుకుదైతే 1316–17. మనవడిదైతే 1336. యాభై ఏళ్లకు పైగా తేడా! పొలం ముందు ఎవరు కొన్నారో తేల్చాలంటే ఆ తేదీయే కదా ఆధారం.

అందుకే రెండో ఆయన కాలంలో ‘ఎడ్వర్డ్ రాజు కొడుకు ఎడ్వర్డ్ రాజు’ అని రాశారు. అచ్చం మన పాస్‌పోర్టు లెక్కనే. మూడో ఆయన వచ్చేసరికి అదీ పనికిరాలేదు. ఆయన తండ్రి పేరూ ఎడ్వర్డే, తాత పేరూ ఎడ్వర్డే! అప్పుడు ‘ఆక్రమణ తర్వాత మూడో ఎడ్వర్డ్’ అని రాయడం మొదలుపెట్టారు.

ఆక్రమణ అంటే 1066లో నార్మండీ డ్యూక్ విలియం ఇంగ్లండ్‌ను గెలవడం. ఆ మాట ఎందుకు చేర్చారంటే, అంతకుముందే ఇంకో ముగ్గురు ఎడ్వర్డులు ఏలిపోయారు. వాళ్లలో చివరాయన్ని జనం సెయింట్‌గా కొలిచేవాళ్లు. మూడో హెన్రీ రాజు ఆయన మీద భక్తితోనే 1239లో పుట్టిన కొడుక్కి ఎడ్వర్డ్ అని పెట్టాడు, మన ఇళ్లలో దేవుడి పేరు పెట్టుకున్నట్టు. ఆ కొడుకే ఇప్పుడు ‘మొదటి ఎడ్వర్డ్’. ఎవరి పేరు పెట్టారో ఆయనకు మాత్రం లెక్కలో నంబరే లేదు.

అన్నట్టు, మా శ్రీనివాసుల్లో మిగతా ఇద్దరికి తండ్రి పేరు కూడా ఒక్కటే. వాళ్లు ఇప్పుడు ఎక్కడ సంతకం పెట్టినా కింద అకామా నంబర్ రాస్తున్నారు. మీరూ రాయండి.