రైలు దిగాక ఎవరి బండి?



తెల్లారకముందే జనగామలోనో, భువనగిరిలోనో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, అక్కడి నుంచి ఎంఎంటీఎస్సో, షేర్ ఆటోనో, తెలిసినవాళ్ల కారో పట్టుకుని పనికి చేరేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. నెల పాసు చేతిలో ఉంటే రైలు ఖర్చు పెద్దగా తెలియదు. జేబు ఖాళీ అయ్యేదీ, ఆలస్యమయ్యేదీ, మాట పడేదీ రైలు దిగాకే. స్టేషన్ నుంచి పని చోటి దాకా మనల్ని ఎవరి బండి తీసుకెళ్తుంది? ఈ ప్రశ్నకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఈ భాగంలో అది చెప్పుకుందాం.

1853 ఏప్రిల్ 16న బొంబాయి బోరీబందర్ నుంచి థానేకు మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. 1856లో మద్రాసు రాయపురం నుంచి, 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైళ్లు వచ్చాయి. రైలు కంపెనీలు డబ్బును బట్టి తరగతులు పెట్టాయి. కులానికో పెట్టె మాత్రం పెట్టలేదు. మన మీద ప్రేమతో కాదు, అలా పెడితే గిట్టుబాటు కాదు. అయినా ప్లాట్‌ఫారం మీదికి కులం రానే వచ్చింది. హిందూ పానీ, ముస్లిం పానీ అని నీళ్లు విడివిడిగా అమ్మారు, బ్రాహ్మణుల చేత నీళ్లు పోయించారు. ఎంతైనా రైలు పెట్టెలో టికెట్టే హక్కు. ఆ హక్కు స్టేషన్ గేటు దాకానే. గేటు దాటితే ఊరి చట్టం.

ఆ గేటు దగ్గర ఏం జరిగేదో బాబాసాహెబ్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాసుకున్నారు. 1901లో ఆయనకు తొమ్మిదేళ్లు. తండ్రి రాంజీ సతారా జిల్లా గోరేగావ్‌లో క్యాషియర్. కరువు బాధితులకు పని చూపడానికి అక్కడ చెరువు తవ్వుతున్నారు. ఉద్యోగం ఒకచోట, పిల్లలు ఇంకోచోట. సెలవుల్లో తండ్రి దగ్గరికి నలుగురు పిల్లలు కొత్త బట్టలు, కొత్త బూట్లు వేసుకుని బయల్దేరారు. మసూర్ స్టేషన్‌లో దిగారు. తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. వాళ్లను చూసి స్టేషన్ మాస్టర్ బ్రాహ్మణ పిల్లలనుకున్నాడు. మహర్లమని చెప్పగానే అతని ముఖం మారిపోయింది. బయట కిరాయి ఎడ్లబండ్లు వరుసగా ఉన్నాయి. ఒక్కడూ రానన్నాడు. చివరికి కుదిరిన బేరం ఇది: కిరాయి రెట్టింపు ఇవ్వాలి, బండి పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడుస్తాడు. దారిలో వాళ్లకు తాగడానికి నీళ్లు పుట్టలేదు. మర్నాడు పొద్దెక్కాక గాని గోరేగావ్ చేరలేదు.

పిల్లలు, చదువు లేదు, పదవి లేదు, అందుకే అలా జరిగిందని ఎవరైనా అనొచ్చు. 1929 చూడండి. అప్పటికి ఆయన బారిస్టర్. అస్పృశ్యుల కష్టాలను విచారించడానికి బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో సభ్యుడు. ఖాందేశ్ నుంచి తిరిగి వస్తూ చాళీస్‌గావ్ స్టేషన్‌లో దిగితే, మనవాళ్లు ఒక్కరాత్రి ఉండమని బతిమాలారు. మహర్‌వాడ అక్కడికి రెండు మైళ్లు. టాంగావాళ్లు ఆయన్ని ఎక్కించుకోబోమన్నారు. అంతటి మనిషిని నడిపించడం మనవాళ్లకు మనసొప్పలేదు. టాంగాను మాత్రం కిరాయికి తీసుకుని, ఎన్నడూ టాంగా తోలని ఒక మనిషిని పగ్గాల దగ్గర కూర్చోబెట్టారు. నది మీది వంతెన దగ్గర చక్రం రాళ్ల మధ్య ఇరుక్కుంది. బాబాసాహెబ్ రాళ్ల మీదికి విసిరికొట్టినట్టు పడ్డారు. కాలు విరిగింది. గుర్రం, బండి నదిలో పడ్డాయి.

రైలు ఆయన్ని వందల మైళ్లు భద్రంగా మోసింది. కాలు విరిగింది ఆఖరి రెండు మైళ్లలో. మనవాళ్ల తప్పు అందులో ఏముంది? పగ్గాలు పట్టే పని తరతరాలుగా మన చేతికి రానివ్వలేదు.

పగ్గాలు చేతికొస్తే ఏమవుతుందో చూడాలంటే ఒకసారి అమెరికా వెళ్లాలి. అలబామా రాష్ట్రం మాంట్‌గొమరీలో పనికి వెళ్లే నల్లవాళ్లకు సిటీ బస్సే ఆధారం. 1955 డిసెంబరు 1న రోసా పార్క్స్ అరెస్టయ్యాక వాళ్లు ఆ బస్సులనే బహిష్కరించారు. మరి రోజూ పనికి ఎలా వెళ్లాలి? మొదట నల్ల టాక్సీ డ్రైవర్లు బస్సు చార్జీ అయిన 10 సెంట్లకే ఎక్కించుకున్నారు. 45 సెంట్లకు తక్కువ తీసుకోకూడదన్న నిబంధనను నగర పాలకులు బయటికి తీశారు. దాంతో దాదాపు 300 సొంత కార్లు పోగుచేసి, ఎక్కే చోట్లు, దిగే చోట్లు, వేళలు రాసి నడిపారు. భీమా కంపెనీలు పాలసీలు రద్దు చేస్తే లండన్ లాయిడ్స్ నుంచి భీమా తెచ్చుకున్నారు. అలా జనాన్ని ఎక్కించుకుని వెళ్తున్న మార్టిన్ లూథర్ కింగ్‌ను గంటకు 25 మైళ్ల పరిమితి ఉన్నచోట 30 మైళ్ల వేగంతో నడిపాడని జైల్లో పెట్టారు. 1956 నవంబరు 13న కోర్టు ఆ కార్లను ఆపమంది. అదే రోజు బస్సుల్లో వివక్ష చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆ తీర్పు అమలయ్యేదాకా జనం కాళ్లనే నమ్ముకున్నారు. మొత్తం 381 రోజులు.

ఇక రెండో ప్రశ్న. అసలు మనం ఇంత దూరం నుంచి ఎందుకు రావాలి? 1917లో బాబాసాహెబ్‌కు బరోడా సంస్థానంలో ఉద్యోగం ఉంది, ఉండటానికి ఇల్లు లేదు. పార్శీ సత్రంలో పేరు మార్చుకుని ఉంటే, పదకొండో రోజు కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. స్నేహితులూ చోటివ్వలేదు. బొంబాయి రైలెక్కారు. పని చేసే ఊళ్లో తల దాచుకోనివ్వకపోతే మిగిలేది రైలే. ఇవాళ గచ్చిబౌలి చుట్టుపక్కల ఇల్లు అడిగితే అద్దె కంటే ముందు “మీరేమిట్లు?” అనే ప్రశ్న వస్తుంది. “శాకాహారులకే” అనే బోర్డు కూడా అదే ప్రశ్న, కొంచెం మర్యాదగా. అద్దె తాళలేక కొందరు, ఈ ప్రశ్న తాళలేక కొందరు దూరం జరిగారు. రోజుకు నాలుగైదు గంటలు రోడ్డు మీద, పట్టాల మీద పోగొట్టుకునేవాళ్లు చదువుకునేదెప్పుడు, మీటింగుకు వచ్చేదెప్పుడు? మన కాలాన్ని తినేస్తున్న ఈ దూరంలో కులం వాటా ఎంతో లెక్క తీయాలి.

1929లో మనవాళ్లలో టాంగా తోలేవాడు దొరకలేదు. ఇవాళ మన వాడల్లో డ్రైవర్లు లేని వాడ లేదు. ఎస్సీ కార్పొరేషన్ రుణాలతో, 2021 తర్వాత దళితబంధు 10 లక్షలతో కార్లు, ఆటోలు కొనుక్కున్నవాళ్లు ఎందరో. కానీ ఒక్కొక్కరూ ఒంటరిగా యాప్ మోగే దాకా ఎదురుచూస్తున్నారు. మాంట్‌గొమరీలో గెలిపించింది కార్లు ఒక్కటే కాదు, వాటిని కలిపిన సంఘం.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ స్టేషన్‌లో పొద్దున దిగే మనవాళ్లు ఎందరు, ఎటు వెళ్తారు, ఆటోకు నెలకు ఎంత పెడుతున్నారు, రాత్రి తిరిగొచ్చే ఆడవాళ్లకు బండి దొరుకుతోందా, మన డ్రైవర్లు ఎవరెవరున్నారు, రాసి పెట్టండి. రైలు వేళకు మన బండి స్టేషన్ బయట నిలబడాలంటే ముందు ఆ లెక్క మన దగ్గర ఉండాలి.

జై భీమ్.