కరెన్సీ భవనము

దీపము పెట్టువారు లేని యిల్లు ఎంత త్వరగా పాడుపడునో మనమందరము ఎరిగినదే. కచ్చేరీ భవనముల గతియు అంతే. కలకత్తా నగరము నడిబొడ్డున, పూర్వము డల్హౌసీ స్క్వేరనియు, తరువాత బినయ్-బాదల్-దినేశ్ బాగ్ అనియు పేరొందిన చోట, అట్టి భవనమొకటి కలదు. దాని కథ చెప్పుకొందము.

పేరు కరెన్సీ భవనము. 1833 నాటి కట్టడము. ఇటాలియను పద్ధతిలో మూడంతస్తులుగా నిర్మించినది. మొదట అందులో ఆగ్రా బ్యాంకు ఉండెను. 1861 నాటి చట్టము వలన కాగితపు నోట్లు విడుదల చేయు అధికారము ప్రభుత్వమునకే దక్కినది. ఆ కార్యాలయము 1868లో ఈ భవనమున ప్రవేశించెను. నడిమి హాలుపై మూడు పెద్ద గుమ్మటములు, వాని అద్దముల గుండ దిగు వెలుతురు. ఆ వెలుతురులో నోట్లకు వెండి నాణెములు, చిల్లర మార్చి యిచ్చు కౌంటర్లు. నోటనగా కాగితమే గదా యని శంకించువారికి వెండి చేతిలో పెట్టి నమ్మకము కలిగించినది ఇట్టి చోట్లనే. 1935లో రిజర్వు బ్యాంకు పుట్టినపుడు దాని కేంద్ర కార్యాలయము ఇచ్చటనే ఉండి, 1937లో బొంబాయికి తరలినది.

ఇంతటి చరిత్ర గల భవనము కడపట కేంద్ర పబ్లిక్ వర్క్సు శాఖవారి సామానుల కొట్టు అయినది. 1994 తరువాత అదియు లేదు. పిమ్మట కూల్చుటకే నిశ్చయించిరి. 1996, 1998 సంవత్సరముల మధ్య మూడు గుమ్మటములును, కప్పులో కొంత భాగమును నేలగూలినవి. కూల్చినవారు పరాయివారు కారు. భవనమునకు స్వంతదారగు ప్రభుత్వమువారే. నగరపాలక సంస్థయు, ఇంటాక్ సంస్థయు అడ్డుపడకున్నచో గోడలును మిగిలెడివి కావు.

తరువాత అది పురావస్తు శాఖవారి చేతికి వచ్చినది. శిథిలములు ఎత్తివేయుటకే ఏండ్లు పట్టెను. ఇచ్చట ఒక చిక్కు కలదు: పోయిన గుమ్మటములను తిరిగి కట్టవలెనా? కట్టినచో అవి పాత గుమ్మటములు కావు, మన కాలపు నకళ్లు. కట్టకున్నచో ఆ హాలు హాలు కాదు. కట్టలేదు. నడిమి హాలును పైకప్పు లేని ముంగిలిగనే ఉంచి, చుట్టునున్న గదులను బాగుచేసిరి. పాత అందము తిరిగి రాలేదని చింతించువారు ఉండవచ్చును గాని, చేసినదే సరియైన పని యని మేము తలంతుము.

2020 జనవరి 11న ఆ భవనమును బెంగాలు చిత్రకళా ప్రదర్శనతో మ్యూజియముగా తెరచిరి. ఒకప్పుడు జనము నోట్లు మార్చుకొనుటకు నిలిచిన ఆ చోట నిలిచి తలయెత్తి చూచినచో, గుమ్మటము ఉండవలసిన తావున ఆకాశము కనబడును.