కంప్యూటర్ కీబోర్డు ఎంపిక: చేతికి హాయి, రెండు లిపులకూ వీలు

చిలికా సరస్సు దక్షిణ తీరాన ఉన్న రంభ వంటి ఊళ్లలో ఒకే కంప్యూటర్ మీద మూడు భాషల పని జరుగుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఉద్యోగ పరీక్షలకు ఇంగ్లీషు. కంప్యూటర్ కొనేటప్పుడు తెర పరిమాణం, జ్ఞాపకశక్తి గురించి నాలుగు చోట్ల విచారించే కుటుంబాలు కీబోర్డును మాత్రం దుకాణదారు ఇచ్చినదే తీసుకుంటాయి. అయితే గంటల తరబడి వేళ్లు తాకేది కీబోర్డునే. సరిపడని కీబోర్డు వల్ల మణికట్టు నొప్పి, తప్పులు, వేగం తగ్గడం తప్పవు.

టైపు యంత్రం నుంచి కంప్యూటర్ వరకు

నేటి ఇంగ్లీషు మీటల వరుస 1874లో అమెరికాలో రెమింగ్టన్ సంస్థ అమ్మిన షోల్స్ టైపు యంత్రం నుంచి వచ్చింది. మన దేశంలో గోద్రెజ్ సంస్థ 1955లో టైపు యంత్రాల తయారీ ప్రారంభించి 2009లో నిలిపివేసింది. ఆ యంత్రాల మీద నేర్చుకున్నవారు మీటను బలంగా, చివరికంటా నొక్కుతారు. కంప్యూటర్‌కు అంత బలం అక్కరలేదు. పాత అలవాటు మానకపోతే వేళ్ల కీళ్లకు శ్రమ తప్పదు.

1985లో ఐబీఎం విడుదల చేసిన మోడల్ ఎమ్ పాత కీబోర్డుల్లో పేరెన్నికగన్నది. దాని ప్రతి మీట కింద ఒక స్ప్రింగు ఉంటుంది. నొక్కగానే అది ఒక పక్కకు వంగి టక్కుమంటుంది. అక్షరం పడిందని వేలికీ చెవికీ ఒకేసారి తెలుస్తుంది. బరువు రెండు కిలోలకు పైమాటే. పాత సామానులో ఇటువంటిది దొరికితే పారవేయనవసరం లేదు. కాని దాని గుండ్రని ప్లగ్గు నేటి యూఎస్‌బీ రంధ్రంలో పట్టదు. అందుకు తగిన మార్పిడి పరికరం కొనవలసి ఉంటుంది.

మూడు ముఖ్యమైన రకాలు

మెంబ్రేన్ కీబోర్డు: మీటల కింద రబ్బరు బుడిపెలు, వాటి కింద పలుచని ప్లాస్టిక్ పొరలు ఉంటాయి. చవక, చప్పుడు తక్కువ. మీటను దాదాపు అడుగు వరకు నొక్కితేగాని అక్షరం పడదు. కొంతకాలానికి రబ్బరు బిరుసెక్కుతుంది.

కత్తెర రకం: ల్యాప్‌టాప్‌లలో ఉండేది ఇదే. మీట కొద్ది దూరమే దిగుతుంది. తేలికగా తాకి టైపు చేసేవారికి అనుకూలం.

మెకానికల్ కీబోర్డు: ప్రతి మీటకు విడి స్విచ్, విడి స్ప్రింగు ఉంటాయి. సాధారణ స్విచ్‌లో మీట మొత్తం నాలుగు మిల్లీమీటర్లు దిగితే, రెండు మిల్లీమీటర్ల వద్దనే అక్షరం పడుతుంది. అడుగు దాకా గుద్దవలసిన పని లేదు. ధర ఎక్కువే గాని మన్నిక కూడా ఎక్కువ.

స్విచ్‌ల రంగులకు అర్థం

జర్మనీకి చెందిన చెర్రీ సంస్థ 1980లలో తెచ్చిన ఎమ్‌ఎక్స్ స్విచ్‌లకు రంగును బట్టి పేర్లున్నాయి. ఎరుపు నునుపుగా దిగుతుంది, తేలికైనది. నలుపు కూడా నునుపే, కాని బిగువు ఎక్కువ. గోధుమ రంగు స్విచ్‌లో మధ్యలో చిన్న గతుకు తగులుతుంది, టక్కుమనదు. నీలం స్విచ్‌కు గతుకూ ఉంది, చప్పుడూ ఉంది. ఇతర కంపెనీలు కూడా ఇంచుమించు ఇవే రంగులు వాడుతున్నాయి.

మన దేశంలోని డీటీపీ కేంద్రాల్లోను, కార్యాలయాల్లోను టీవీఎస్ గోల్డ్ కీబోర్డు నీలి స్విచ్‌ల చప్పుడుతో ప్రసిద్ధి పొందింది. ఒకే గదిలో ఒకరు చదువుకుంటూ మరొకరు టైపు చేసే ఇంటికి నీలం తగదు. గోధుమ రంగు మేలు.

తెలుగుకూ ఒడియాకూ ఒకే అభ్యాసం

సరిహద్దు కుటుంబాలు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అక్షరాల స్థానం దాదాపు అన్ని భారతీయ లిపులకూ ఒకటే. ఎడమ చేతి వైపు అచ్చులు, గుణింతపు గుర్తులు ఉంటాయి. హల్లులు ఎక్కువగా కుడి చేతి వైపు ఉంటాయి. తెలుగు 'క' ఏ మీట మీద ఉందో ఒడియా 'క' కూడా అదే మీట మీద ఉంటుంది. బడి కోసం ఒడియా టైపింగు నేర్చిన బిడ్డకు తెలుగు సగానికి పైగా వచ్చినట్లే. ఒడియాలో లేని హ్రస్వ 'ఎ', 'ఒ' వంటి కొన్ని అక్షరాల స్థానాలు అదనంగా నేర్చుకుంటే చాలు. ఈ వీలు వాడుకుంటే, తెలుగు బడి అందని పిల్లలు కూడా తాతకు సొంత లిపిలో ఉత్తరం రాయగలుగుతారు.

ఇన్‌స్క్రిప్ట్‌లో 'రంభ' అని రాయడానికి మూడు అక్షరపు మీటలు చాలు: జె, ఎక్స్, షిఫ్టుతో వై. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతిలో అదే మాటకు ఆరు అక్షరాలు కొట్టాలి. రెండో పద్ధతి వెంటనే వస్తుంది. మొదటిది కొన్ని వారాల సాధన కోరుతుంది, తరువాత వేళ్లకు శ్రమ తగ్గిస్తుంది. రెండింటికీ మామూలు ఇంగ్లీషు కీబోర్డే పనికివస్తుంది.

ఉద్యోగ పరీక్షలకు సిద్ధమయ్యేవారికి

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ఇంటర్మీడియెట్ స్థాయి గుమస్తా పరీక్షలో ఇంగ్లీషు వేగం నిమిషానికి 35 మాటలుగా నిర్ణయించారు. అంటే గంటకు 10,500 మీటల నొక్కులు. పరీక్షా కేంద్రంలో ఏ కీబోర్డు ఎదురవుతుందో ముందుగా తెలియదు. కాబట్టి ఇంట్లో మెకానికల్ ఉన్నా, వారానికి ఒకటి రెండు రోజులు సాధారణ మెంబ్రేన్ మీద కూడా సాధన చేయడం వివేకం.

కూర్చునే తీరు

ఎంత మంచి కీబోర్డయినా బల్ల ఎత్తు సరిగా లేకపోతే ఫలితం ఉండదు. మోచేయి ఇంచుమించు లంబకోణంలో, మణికట్టు తిన్నగా ఉండాలి. కీబోర్డు వెనుక కాళ్లు పైకెత్తితే మణికట్టు వెనక్కు వంగుతుంది, అందువల్ల వాటిని మడిచి ఉంచడమే మంచిది. అంకెల గడి అవసరం లేనివారు అది లేని 87 మీటల కీబోర్డు తీసుకుంటే మౌసు దగ్గరకు వస్తుంది, భుజానికి హాయి. లెక్కలు రాసే దుకాణదారుకు మాత్రం ఆ గడి ఉండవలసిందే. వేళ్లు తిమ్మిరెక్కడం, రాత్రి నొప్పితో మెలకువ రావడం కొనసాగితే కీబోర్డు మార్చి ఊరుకోక వైద్యుని చూడాలి.

తీరపు గాలి, దుమ్ము

ఉప్పగాలి, తేమ లోహపు భాగాలను తినేస్తాయి. పని ముగియగానే పొడి గుడ్డ కప్పాలి. కిటికీ పక్కన ఉంచరాదు. నెలకొకసారి తలకిందులు చేసి దులిపి, మెత్తని కుంచెతో శుభ్రం చేయాలి. నీరు పడితే వెంటనే తీగ తీసి, బోర్లించి, పూర్తిగా ఆరిన తరువాతే వాడాలి.

కొనేముందు

1. దుకాణంలో అయిదు నిమిషాలు స్వయంగా టైపు చేసి చూడాలి.
2. పెట్టె మీది పేరు చూసి మోసపోక, లోపల ఏ స్విచ్ ఉందో అడగాలి. రంగు దీపాలు వెలిగినంతమాత్రాన అది మెకానికల్ కాదు.
3. మరమ్మతు, పూచీకత్తు బరంపురం వంటి దగ్గరి పట్టణంలో లభిస్తాయా అని విచారించాలి.
4. ఇంట్లో ఎక్కువగా టైపు చేసేవారి చేతికి సరిపోయినదే కొనాలి. రోజుకు అరగంట పనికి మంచి మెంబ్రేన్ చాలు. మూడు నాలుగు గంటలు దాటితే మెకానికల్‌కు పెట్టిన సొమ్ము వృథా కాదు.