స్టార్లు ఎన్నని కాదు, ఎవరేశారో చూడండి

మా హనుమాన్ జంక్షన్‌లో నాలుగు దారులు కలుస్తాయి. ఇటు బెజవాడ, అటు ఏలూరు, ఒకపక్క నూజివీడు, ఇంకోపక్క గుడివాడ. ఇక్కడ ఎవడైనా తూకంలో తేడా చేశాడంటే ఆ కబురు వారం తిరక్కుండా నాలుగు దారుల్లోనూ పోద్ది. దీన్ని నేను ఊరి రేటింగ్ అంటా. దీనికి బలం ఎక్కడిదంటే, మాట చెప్పినోడు ఎవరో మనకి తెలుసు. అబద్ధమని తేలితే రేపు వాడు మన మొహం చూడాలి.

ఇప్పుడు రొయ్యల చెరువుకి ఏరియేటర్ కొన్నా, ఉద్యోగానికి అప్లై చేసినా, అవసరానికి అప్పు తీసుకున్నా అంతా ఫోన్‌లోనే. అక్కడా మన కుర్రాళ్ళు జనం మాటే చూస్తన్నారు. నాలుగున్నర స్టార్లు ఉంటే చాలు, డబ్బులు కొట్టేస్తన్నారు. జనాన్ని నమ్మడం తప్పు కాదు. కానీ ఆ జనం ఎవరు?

వెబ్‌సైట్లకి జనం చేత మార్కులు వేయించే పని 2007లోనే ఫిన్లాండ్ వాళ్ళు మొదలెట్టారు. దాని పేరు వెబ్ ఆఫ్ ట్రస్ట్. మంచి సైటుకి పచ్చ, అనుమానం ఉంటే పసుపు, మోసమైతే ఎరుపు. అందరి ఓటూ ఒకటే అనకుండా, ముందు నుంచీ సరిగ్గా చెప్తున్నోళ్ళ మాటకి ఎక్కువ బరువిచ్చేవారు. మంచి ఆలోచనే. కానీ 2016 నవంబర్‌లో జర్మనీ టీవీ ఎన్‌డీఆర్ ఒక సంగతి బయటపెట్టింది: దాన్ని వాడేవాళ్ళు ఏయే సైట్లు చూస్తన్నారో ఆ వివరాలు బయటి వాళ్ళకి అమ్ముడుపోతున్నాయని. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ స్టోర్ల నుంచి దాన్ని అప్పట్లో తీసేశారు, మార్పులు చేసుకుని మళ్ళీ వచ్చింది. మనకి పాఠం ఏంటంటే, మార్కులు వేసేవాళ్ళనే కాదు, ఆ పుస్తకం పట్టుకున్నోణ్ణి కూడా చూడాలి.

రేటింగ్ అందుకోలేని మోసాలూ ఉన్నాయి. 2023 ఏప్రిల్‌లో తిరుమల దర్శనం టికెట్ల పేరుతో ఒక నకిలీ సైటు దొరికింది. అసలు సైటు పేరులో చుక్కలున్న చోట దీంట్లో అడ్డగీతలు, చివర జీవోవీ డాట్ ఇన్ బదులు ఆర్గ్. అంతే తేడా. టీటీడీ కేసు పెట్టిన నకిలీల్లో అది 41వది. నిన్న పుట్టిన సైటుకి ఇవాళ ఏ జనం మార్కులేస్తారు? అందుకే సైటు పేరు చివరి నుంచి వెనక్కి చదవండి. సైటు పేరు తర్వాత వచ్చే మొదటి వాలుగీతకి ముందున్న ముక్క జీవోవీ డాట్ ఇన్ అయితే అది సర్కారుది. పక్కనుండే తాళం బొమ్మ చూసి మురిసిపోకండి. దారి భద్రమని మాత్రమే అది చెప్తది. దారి చివర కూచున్నోడు దొంగో దొరో చెప్పదు.

లోన్ యాప్‌ల సంగతి ఇంకా ఘోరం. స్టోర్‌లో ఉంది కదా అని జనం నమ్మారు. రిజర్వ్ బ్యాంక్ వేసిన బృందం 2021లో లెక్క తీస్తే, 1100 దాకా లోన్ యాప్‌లుంటే అందులో 600 చట్టవిరుద్ధం. ఫోన్‌లో నంబర్లన్నీ లాగి, చుట్టాలకి ఫోన్లు చేసి పరువు తీస్తే తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నోళ్ళు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. 2025 జూలై నుంచి రిజర్వ్ బ్యాంక్ సైటులో, దాని కింద పనిచేసే సంస్థలు తమవని చెప్పిన లోన్ యాప్‌ల జాబితా ఉంది. అప్పు అడిగే ముందు అందులో పేరుందో లేదో చూడండి.

మరి రివ్యూలు ఎట్టా చదవాలి? సగటు వదిలేసి ఒక స్టారు, రెండు స్టార్ల మాటలు ముందు చదవండి. "డబ్బు వెనక్కి రాలేదు", "ఫోన్ ఎత్తట్లేదు" అని వేరే వేరే నెలల్లో, వేరే వేరే మనుషులు అంటన్నారంటే ఆగిపోండి. తేదీలు చూడండి. రెండు రోజుల్లో వందల పొగడ్తలు పడ్డాయంటే అవి కూలికి రాసినవనే అనుమానించాలి. రాసినోడి పేరు నొక్కి ఇంకేం రాశాడో చూడండి. సైటువాడు తన సైటులోనే పెట్టుకున్న మెచ్చుకోళ్ళు లెక్కలోకి రావు.

చట్టం కూడా మన చేతిలో ఉంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మేవాడు కొన్నవాడి వేషం కట్టి రివ్యూ రాయకూడదు. సంస్థ అసలు పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసే అధికారి పేరు సైటులో కనపడాలి. ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. నకిలీ రివ్యూల మీద 2022 నవంబర్‌లో ఐఎస్ 19000 అనే ప్రమాణం కూడా తెచ్చారు, కానీ పాటించాలా వద్దా అన్నది కంపెనీల ఇష్టానికే వదిలారు. దాన్ని తప్పనిసరి చెయ్యాలనేదే నా డిమాండ్.

చివరగా ఒక్కటి. ఊళ్ళో మోసపోయినోడు సెంటర్లో నిలబడి అరుస్తాడు. ఫోన్‌లో మోసపోయినోడు మాత్రం ఇంట్లో తిడతారని, ఫ్రెండ్స్ నవ్వుతారని నోరు మూసుకుంటన్నాడు. మోసగాడికి పెట్టుబడి ఆ సిగ్గే. మీరు మాట్లాడకపోతే వాడి నాలుగున్నర స్టార్లు అట్టాగే వెలుగుతుంటాయి. డబ్బు పోతే గంట ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి. సరుకులో తేడా వస్తే 1915. తర్వాత తేదీతో, ఎంత పోయిందో లెక్కతో, జరిగింది జరిగినట్టు రివ్యూ రాయండి. మీ తర్వాత వచ్చే తమ్ముడో చెల్లో దాన్ని చదివి ఆగిపోతారు.