172 నొక్కితే తెలుగు వచ్చిన రోజులు



బొంబాయి తెలుగువాళ్ల చరిత్ర అనగానే మనకు కామాటిపుర, బట్టల మిల్లులు, వర్లీ చాళ్లు, భివండీ మగ్గాలు గుర్తుకొస్తాయి. రాళ్లు మోసినవాళ్ల గురించి, ఇళ్లు కట్టినవాళ్ల గురించి, మగ్గం నడిపినవాళ్ల గురించి మనం ఎంతో కొంత రాసుకున్నాం. ఈసారి ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక చిన్న కాలం గురించి రాస్తున్నాను. 1995 నుంచి 2005 దాకా, ఇంటి ఫోన్ తీగ మీదనే ఇంటర్నెట్ వచ్చిన పదేళ్లు. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి. చివర్లో ఒక పని కూడా అప్పజెప్తాను.

ముందు ఫోన్ సంగతి. 1986 ఏప్రిల్‌లో బొంబాయి, ఢిల్లీ టెలిఫోన్లు మహానగర్ టెలిఫోన్ నిగమ్, అంటే ఎంటీఎన్‌ఎల్ కిందికి వచ్చాయి. అప్పట్లో ఫోన్ కోసం పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడడం మామూలు విషయం. అందుకే చాల్‌లో ఒక ఇంట్లో ఫోన్ ఉన్నదంటే అది పది ఇళ్ల ఫోన్. ఊళ్లో చుట్టాలకు ఆ నంబరు ఇచ్చి పక్కన 'పీపీ' అని రాసేవాళ్లం. కరీంనగర్ నుంచో నల్లగొండ నుంచో ఫోన్ వస్తే, ఆ ఇంటి పిల్లవాడు వరండా పొడుగునా ఉరికి పిలుచుకొచ్చేవాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్, మనమంతా వీఎస్‌ఎన్‌ఎల్ అనేది, దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట అందుకున్న కొద్ది నగరాల్లో మన బొంబాయి ఒకటి. విద్యార్థులకు అక్షరాలు మాత్రమే కనిపించే ఖాతా 500 రూపాయలు. బొమ్మలతో సహా కనిపించే ఖాతా 250 గంటలకు 15,000 రూపాయలు. అంటే గంటకు 60 రూపాయలు, ఫోన్ ఖర్చు వేరే. మిల్లు సమ్మె దెబ్బ నుంచి ఇంకా లేవని ఇళ్లలో ఈ డబ్బు ఎవరి దగ్గరుంటుంది? కాబట్టి మొదటి మూడు నాలుగేళ్లు ఇంటర్నెట్ మన ఇళ్లకు రాలేదు. ఆఫీసులో చూసినవాళ్లు వచ్చి చెప్తే విన్నాం, అంతే.

తలుపు తెరుచుకున్నది 1998 నవంబరులో. ఆ నెల వచ్చిన కొత్త విధానంతో ప్రైవేటు కంపెనీలకూ ఇంటర్నెట్ ఇచ్చే అనుమతి దొరికింది. మొదట రంగంలోకి దిగిన ప్రైవేటు సంస్థ సత్యం ఇన్ఫోవే, తర్వాత సిఫీ అయినది. హైదరాబాదు సత్యం కంపెనీ సంస్థే అయినా దాని ఆఫీసు చెన్నైలో. 1999లో ఎంటీఎన్‌ఎల్ కూడా తన సొంత ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. పోటీ పెరిగి గంటల ప్యాకెట్లు దుకాణాల్లో అమ్మకానికి వచ్చాయి. నెల జీతం ఉన్న ఇల్లు ధైర్యం చేయగల ధరకు దిగింది.

ఇప్పటి పిల్లల కోసం పని ఎట్లా జరిగేదో చెప్తాను. కంప్యూటర్‌కు మోడెం అనే డబ్బా ఉండేది. ఫోన్ తీగను టెలిఫోన్ నుంచి పీకి దానికి తగిలించాలి. 172తో మొదలయ్యే నంబరుకు కంప్యూటరే డయల్ చేసేది. అవతలి మోడెం ఎత్తగానే రెండూ కీచుమంటూ, బుసకొడుతూ ఏ వేగంతో మాట్లాడుకోవాలో తేల్చుకునేవి. ఫోన్ తీగ మనిషి గొంతు కోసం వేసింది కదా, కంప్యూటర్ కూడా తన లెక్కలను చప్పుళ్లుగా మార్చి పంపక తప్పేది కాదు. డబ్బా మీద సెకనుకు 56 కిలోబిట్లు అని రాసి ఉన్నా, మనకు అందేది నాలుగైదు కిలోబైట్లు. వంద కిలోబైట్ల ఫొటో ఒకటి దిగడానికి అర నిమిషం కావాలి.

ఖర్చు రెండు వైపులా కాలేది. ఇంటర్నెట్ గంటలకు ఒక డబ్బు, ఫోన్ కాల్‌కు ఇంకో డబ్బు. లోకల్ కాల్ మూడు నిమిషాలకు ఒక యూనిట్, గంటకు 20 యూనిట్లు. యూనిట్ రూపాయి 20 పైసల లెక్కన వేసుకున్నా గంటకు 24 రూపాయలు. రోజుకు గంట వాడితే నెలకు 720. అందుకే మన ఇళ్లలో ఒక కిటుకు పుట్టింది. లైన్ దొరకగానే కావలసిన పేజీలన్నీ వేరువేరు కిటికీల్లో గబగబా తెరిచి, లైన్ కట్ చేసి, అప్పుడు తీరిగ్గా చదువుకోవడం. జాబులు కూడా ముందే టైపు చేసి పెట్టుకుని లైన్ కలవగానే పంపడం. గడియారం చూస్తూ చదివిన తరం మాది.

ఇప్పుడు పీపీ నంబరు మాటకు వస్తాను. ఇంటర్నెట్ నడుస్తున్నంతసేపూ ఆ ఫోన్ ఎంగేజ్. అది ఒక్క ఇంటి ఫోన్ అయితే బాధ లేదు, పది ఇళ్లది. "ఫోన్ ఖాళీ చెయ్ బిడ్డా, మీ మేనత్త చేస్తనన్నది" అని మా అమ్మ రోజూ గుర్తుచేసేది. పక్కింటి పెద్దమ్మ తలుపు దగ్గర నిలబడి తన కొడుకు ఫోన్ వచ్చిందా అని అడిగేది. అందుకే మా వాడకం రాత్రి పదిన్నర దాటాక, లేదా పొద్దున అందరూ లేవకముందు.

ఇంత కష్టపడి చూసిందేమిటి? చాలామంది ఇళ్లలో మొదటిది తెలుగు పేపరు. హైదరాబాదులో అచ్చయిన పేపరు రైలెక్కి మా పేటకు చేరేసరికి మరునాడు అయ్యేది. 1999, 2000 ప్రాంతాల్లో తెలుగు దినపత్రికలు ఒక్కొక్కటే వెబ్‌లోకి రావడంతో, ఊళ్లో వాళ్లు చదివే రోజే మనమూ చదవగలిగాం. వానలు పడ్డాయా, పత్తి ధర ఎంత, ఎవరు పోయారు అనే సంగతులు అదే రోజు తెలవడం అంటే, తరాల క్రితం వదిలి వచ్చిన ఊరికి ఒక రోజు దగ్గర కావడం. నా లెక్కలో డయలప్ మనకు చేసిన అసలు మేలు ఇదే.

కానీ అందులో ఒక మెలిక ఉంది. అప్పటి కంప్యూటర్లకు తెలుగు తెలియదు. ప్రతి పత్రికా తన సొంత ఫాంట్ పెట్టుకునేది. ఆ ఫాంట్ దిగితేనే తెలుగు, లేకుంటే తెర మీద ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపించేవి. ఎందుకంటే ఫైల్‌లో నిజంగా ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లిషు అక్షరాల సంకేతాలకే తెలుగు బొమ్మలు తొడిగేవాళ్లు. ఒక పేపరులో 'క'కు వాడిన సంకేతం ఇంకో పేపరులో వేరే అక్షరం కావచ్చు.

రాయాలంటే మరో దారి. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగు విద్యార్థులు తయారుచేసిన ఆర్‌టీఎస్ అనే పద్ధతి ఉండేది. ఇంగ్లిషు అక్షరాలతోనే తెలుగు రాయడం. చిన్న 'ఎన్' కొడితే న, పెద్ద 'ఎన్' కొడితే ణ. మన పిల్లల్లో చాలామంది మరాఠీ, ఇంగ్లిషు బడుల్లో చదివారు. నగరపాలిక తెలుగు బడులు ఉన్నా అందరూ అందులో చేరలేదు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, లిపి చదవలేని ఆ పిల్లలకు ఇంగ్లిషు అక్షరాల తెలుగు ఒక కిటికీ తెరిచింది. అదే కిటికీ దగ్గర వాళ్లు ఆగిపోయారనేదీ నిజమే. ఈరోజు మన వాట్సాప్ గ్రూపులో సగం మంది ఇంకా అట్లాగే రాస్తున్నారు. తప్పు పట్టడం లేదు, అలవాటు ఎక్కడ మొదలైందో చెప్తున్నాను.

తర్వాత సంగతులు వేగంగా నడిచాయి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఫాంట్ వచ్చింది. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకున్న సొంత సంఖ్య ఉంటుంది. 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియా మొదలైంది. దాన్ని మొదలుపెట్టిన వెన్న నాగార్జున గారే పత్రికల ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' అనే సాధనమూ తయారుచేశారు. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం కనీస వేగం 256 కిలోబిట్లు అన్నది. 2005లో ఎంటీఎన్‌ఎల్ ట్రైబ్యాండ్ వచ్చాక ఇంటర్నెట్ నడుస్తున్నా ఫోన్ మోగింది. క్రమంగా మోడెం కీచుమనడం మానేసింది.

మరి ఇది ఇప్పుడెందుకు? ఆ పదేళ్లలో మనం కూడా రాశాం. వార్షికోత్సవ సంచికలు, పెళ్లి సంబంధాల జాబితాలు, సభ్యుల చిరునామాలు, వలస వచ్చిన పెద్దలు చెప్పిన ముచ్చట్లు పాత ఫాంట్లలో టైపు చేసి 1.44 మెగాబైట్ల ఫ్లాపీల్లో, తర్వాత సీడీల్లో దాచాం. చెప్పినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. కొన్ని ఫైళ్లు తెరుచుకుంటున్నాయి, కానీ ఫాంట్ లేక చదవరావడం లేదు. ఫ్లాపీల మీద పూత ఏటేటా పాడవుతున్నది. తాతల కాలపు కాగితం ఇంకా చదవగలుగుతున్నాం, ఇరవై ఏళ్ల నాటి ఫ్లాపీ చదవలేకపోతున్నాం.

కాబట్టి ఇదీ పని. మీ ఇంట్లో అటక మీద, బీరువా అడుగున పాత ఫ్లాపీలు, సీడీలు, పాత కంప్యూటర్ ఉంటే దయచేసి పారేయకండి, తుక్కువాడికి ఇవ్వకండి. సంఘం ఆఫీసుకు తీసుకురండి. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ ఒకటి నా దగ్గర ఉంది. ఫైల్‌తో పాటు ఫాంట్ పేరు కూడా కావాలి. అప్పుడు డీటీపీ చేసినవాళ్లు ఎవరో గుర్తుంటే చెప్పండి, ఫాంట్ ఏదో వాళ్లకు తెలుస్తుంది. అప్పటి అచ్చు కాపీ ఒక్కటి దొరికినా చాలు, మార్చిన పాఠాన్ని దానితో పోల్చి సరిచూసుకోవచ్చు. యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు, గుణింతాలు చెదురుతాయి. దిద్దడానికి తెలుగు బాగా వచ్చిన పెద్దలు కావాలి, కంప్యూటర్ దగ్గర కూర్చోవడానికి పిల్లలు కావాలి. ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే, లిపి రాని మనవడికి తాత దగ్గర నాలుగు అక్షరాలు అబ్బినా అబ్బుతాయి.

వచ్చే ఆదివారం పొద్దున పది గంటల నుంచి నేను ఆఫీసులో ఉంటాను. రాలేనివాళ్లు మీ దగ్గర ఏమున్నదో కింద కామెంట్‌లో రాయండి, మేమే వచ్చి తీసుకుంటాం.